హెల్మెట్‌లో రాకుమారుడి సింహం

మా ఇంట్లో బొమ్మకు కళ్లు దిద్దే హక్కు ఒక్కరికే ఉండేది. ఇంటికి పెద్దవాడు ఎవరైతే ఆయనకే. మిగతావాళ్లం పొణికి కట్టె కోసేవాళ్లం, చెక్కేవాళ్లం, చింతగింజల లప్పంతో అతుకులు పెట్టేవాళ్లం, రంగులు వేసేవాళ్లం. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతులు తుడుచుకుని పక్కకు జరగాల్సిందే. పొద్దున్నే మా నాన్న, మాకు బాపు, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, సన్నటి కుంచె పట్టుకుని, వరసగా పెట్టిన చిలకలకూ జింకలకూ కళ్లు దిద్దేవాడు. అంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ కూడా గిన్నెల చప్పుడు రానిచ్చేది కాదు. నాకు పెళ్లయింది, చెయ్యి బాగా తిరిగింది, అయినా ఆ కుంచె మాత్రం నా చేతికి రాలేదు. అడిగితే, "నేనున్నన్ని దినాలు నీకేం తొందరరా?" అనేవాడు.

మేము నిర్మల్ నకాషీవాళ్లం, తరతరాలుగా కొయ్యబొమ్మలు చేసేవాళ్లం. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్పగా చెప్పుకోవాల్సిన మాటే కాబట్టి చెబుతున్నాను. ఎనభైల చివర్లో బొమ్మల పని సన్నగిల్లి, నేను ఒమన్ వెళ్లినప్పుడు నా వీసా మీద షట్టరింగ్ కార్పెంటర్ అని ఉంది. అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు కట్టడం, అది గట్టిపడ్డాక ఊడగొట్టడం. జింక చెవిని గోరంత పలుచగా చెక్కిన చేతులతో ప్లైవుడ్‌కు మేకులు కొట్టాను. ఎవరైనా నన్ను "ఓ షట్టరింగ్" అని పిలిస్తే ఒళ్లు మండేది. "నేను షట్టరింగోణ్ణి కాదు, బొమ్మలోణ్ణి" అని ఎదురు చెప్పేవాణ్ణి. దాంతో రూమ్‌లో అందరికీ నేనొక వేడుకైపోయాను.

మొదట అల్ అమెరాత్‌లో విల్లాలు కట్టాం. అక్కడ ఉండగానే బాపు పోయాడు. ఆ రోజు స్లాబ్ పోత ఉంది. డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చాక చెప్పారు. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర, లీవు దొరకదు, దొరికినా నేను వెళ్లేసరికి అన్నీ అయిపోతాయి. మర్నాడు మామూలుగా డ్యూటీకి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. ఎవరైనా అడిగితే మా బాపు ఇలా అంటాడు, అలా చేస్తాడు అని ఉన్నవాడి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ణి.

తరవాత మమ్మల్ని నిజ్వా దారిలో వంతెన పనికి మార్చారు. వాదీ మీద వంతెన. వాదీ అంటే వాగే, కాకపోతే వాన పడిన రోజు తప్ప అందులో నీళ్లు ఉండవు. ఆ సైట్‌కి జపాన్ నుంచి ఒక ఇంజినీర్ వచ్చాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు. తెల్ల హెల్మెట్, ఎప్పుడూ ఉతికిన చొక్కా. ఇంగ్లీషు కొంత, మా దగ్గర నేర్చుకున్న హిందీ కొంత, డ్రైవర్ల దగ్గర ఏరుకున్న అరబ్బీ కొంత కలిపి మాట్లాడేవాడు. ఎండకు మేము హెల్మెట్ తీసి పక్కన పెడితే చాలు, ఎక్కడి నుంచి చూసేవాడో, వచ్చి తనే ఎత్తి మా తలల మీద పెట్టి పోయేవాడు. తిట్టేవాడు కాదు. తిడితే నేనూ ఒక మాట అని ఉండేవాణ్ణి.

ఒకరోజు వాదీ నడుమ స్తంభానికి కాంక్రీటు పోస్తున్నాం. ఇంజినీర్ పైన నిలబడి అచ్చులోకి వంగి చూస్తున్నాడు. చెమట తుడుచుకోవడానికి హెల్మెట్ తీశాడు. దాని లోపల దారంతో కట్టిన ఎర్రటి వస్తువేదో, బొటనవేలంత ఉంటుంది, దారం తెగి కాంక్రీటులో పడింది. ఆయన చెయ్యి గభాలున పైకి లేచింది. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ ఆగింది. అందరం ఆయన వైపు చూశాం. పోత ఆపించి ఎవరినో ఒకణ్ణి లోపలికి దింపుతాడనుకున్నాను. పెద్ద ఇంజినీర్లు అంతకంటే చిన్నవాటికే పని ఆపించడం చూశాను. ఆయన కాసేపు లోపలికి చూసి, చెయ్యి దించి, "కామ్ కరో" అన్నాడు, పని కానివ్వండని. పోత మధ్యలో ఆగితే స్తంభంలో అతుకు మిగిలిపోతుంది. ఆ సంగతి మాకూ తెలుసు. ఆయన హెల్మెట్ పెట్టుకుని, పోత అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం తిండి వేళ నేనే వెళ్లి అడిగాను, అదేంటి సాబ్ అని. మా ఊరి గుడిది అన్నాడు. ఒకప్పటి చక్రవర్తి కొడుకు, యుద్ధాలు చేసినవాడు, ఇప్పుడు మాకు దేవుడు అన్నాడు. ఆయన తన శిరస్త్రాణంలో సింహం తల పెట్టుకుని యుద్ధానికి వెళ్లేవాడట. ఆ గుర్తుగా గుడిలో చిన్న సింహం తలలు ఇస్తారట. అది తన తల్లి తెచ్చి ఇచ్చిందట. వచ్చే నెల వంతెన మీదికి దూలాలు ఎత్తాలి. క్రేన్ పక్కన నిలబడి ఎత్తించాల్సింది ఆయనే. ఇంకోటి తెచ్చుకుందామంటే లీవు ఇప్పట్లో లేదు. నన్ను ఆయన ఏమీ అడగలేదు. నేనే నోరు జారాను. "మై బనాయేగా సాబ్" అన్నాను, నేను చేసిస్తానని.

పక్కనున్న ఫోర్‌మన్ పకపకా నవ్వి, షట్టరింగ్ కార్పెంటర్ దేవుణ్ణి చేస్తాడట అని అందరికీ వినిపించేలా అన్నాడు. ఇంజినీర్ నవ్వలేదు. నా చేతుల వైపు చూసి, సరే అని తల ఊపాడు.

సాయంత్రానికి ఈ మాట సైట్ అంతా పాకింది. మా రూమ్‌లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, అల్ అమెరాత్ నుంచీ నాతోనే, కడ్డీలు కట్టే పని, అందరం కాక అనేవాళ్లం. వయసులో పెద్ద, మాటలో పదును. పప్పులో గరిటె తిప్పుతూనే అందుకున్నాడు.

"ఏం రా, ఇన్నేండ్ల సంది బొమ్మలోణ్ణి బొమ్మలోణ్ణి అని మా చెవులు తిన్నవు. ఇప్పుడు దొరికినవ్. చేస్తె చేసినట్టు, లేకుంటె ఇగ నోరు మూసుకోని షట్టరింగ్ అంటె పలుకాలె."

కాక సరదాకే అన్నాడు. కానీ నాకది సరదాగా లేదు. ఎందుకంటే ఒమన్ వచ్చాక నేను ఉలి పట్టింది లేదు. చేతుల్లో ఆ పని ఇంకా మిగిలి ఉందో లేదో నాకే తెలియదు. మిగిలి లేకపోతే నేను నకాషీవాణ్ణని ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పుకోను?

హ్యాక్సా బ్లేడ్లు అరగదీసి ఉలులు చేసుకున్నాను. మెషీన్లు వచ్చిన పెట్టెల కట్టె మెత్తగా ఉంటే ముక్క కోసుకున్నాను. డ్యూటీ అయ్యాక రూమ్ ముందు కూర్చుని చెక్కాను. మొదట్లో వేళ్లు మొద్దుల్లా ఉన్నాయి. తరవాత తరవాత రూపం వచ్చింది. రాజు కొడుకు, సింహం ముఖం, దేవుడు అన్నాడు కదా. ఇంకెవరు, మన ధర్మపురి నరసింహస్వామే అనుకున్నాను. అక్కడ స్వామి యోగంలో ఉంటాడు కదా, అందుకని కళ్లు మూసుకుని ఉన్నట్టు చెక్కాను. నుదుట నామం దిద్దాను. కాక దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ట్రంకు పెట్టె మీద పెట్టి ఊదుబత్తి ముట్టించాడు. అందరూ దండం పెట్టుకున్నారు. నేను ఉబ్బిపోయాను.

ఇంజినీర్ దాన్ని రెండు చేతులా అందుకుని, తల వంచి, తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున అంతే మర్యాదగా రెండు చేతులా తెచ్చి ఇచ్చేశాడు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"చాలా మంచి దేవుడు. కానీ మీ దేవుడు. మీరు పూజ చేశారు, ఊదుబత్తి వాసన వస్తోంది. నేను తల మీద పెట్టుకుంటే నా చెమట పడుతుంది. మీ రూమ్‌లోనే ఉండాలి." వెళ్లబోతూ, "ఇంకో మాట. ఈయన నిద్రపోతున్నాడు" అన్నాడు.

నా కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అనేవాళ్లు. నా చేతి పని వాపసు రావడమా? అందరి ముందా? ఆ రోజు అన్నం ముట్టలేదు. ఉలులన్నీ మంచం కిందికి విసిరికొట్టాను. కాక అవి ఏరి తెచ్చి నా పక్కన పెట్టాడు.

"ఆయన చేసిన తప్పేందిరా? నీ దేవున్ని భద్రంగ నీకిచ్చిండు. ఇంకోడైతె డ్రాయర్ల పడేస్తుండె. ఆయన దేవుడెవరో నువ్వు ఒక్కసారన్న అడిగినవా? పో, అడుగు."

శుక్రవారం సెలవు. వాదీలో, మేము కడుతున్న వంతెన నీడలో కూర్చుని అడిగాను. ఆయన గులకరాళ్లు పేర్చి, ఇది కొండ, ఇది రాజధాని, ఇది మా ఊరు అని చూపిస్తూ చెప్పాడు. కొన్ని వందల ఏళ్ల కిందటి మాట. చక్రవర్తి కొడుకుల్లో ఒకణ్ణి చిన్నప్పుడే సన్యాసుల మఠానికి ఇచ్చారు. అక్కడ పెద్దగురువును చేశారు. ఆయనకేమో పుస్తకాల కంటే కత్తిసాము మీద మనసు. ఆ రోజుల్లో చక్రవర్తి పేరుకే చక్రవర్తి, అధికారమంతా సేనానుల చేతుల్లో ఉండేది. తండ్రి వాళ్ల మీద తిరగబడ్డప్పుడు కొడుకు కాషాయం విడిచి కవచం తొడుక్కున్నాడు. కొండల్లో దాక్కుని పోరాడాడు. ఒకసారి కోట చుట్టూ శత్రువులు కమ్ముకుంటే, నమ్మిన బంటు ఒకడు ఆయన కవచం తను వేసుకుని, గోడ ఎక్కి నేనే రాకుమారుణ్ణని అరిచి, శత్రువుల కళ్లముందే ప్రాణం తీసుకున్నాడు. ఆ సందులో ఈయన తప్పించుకున్నాడు. చివరికి తండ్రి గెలిచాడు. గెలిచాక, కొత్తగా బలపడ్డ ఒక సేనాని వచ్చి నీ కొడుకు సింహాసనం కోరుతున్నాడని చెప్తే, ఆ తండ్రి కొడుకును పట్టించి ఆ సేనానికే అప్పగించాడు.

"తండ్రే?" అన్నాను.

"తండ్రే" అన్నాడు.

రాకుమారుణ్ణి ఈ ఇంజినీర్ ఊళ్లోనే, కొండలో తవ్విన గుహలాంటి చెరలో నెలల తరబడి పెట్టారట. ఆ ఊరి మీదికి శత్రువులు వచ్చినప్పుడు, సేనాని మనుషులు పారిపోయే ముందు ఒకణ్ణి పంపి చంపించారు. వచ్చినవాడు కత్తి మెడ మీద పెట్టబోతే రాకుమారుడు ఆ కత్తి మొనను పళ్లతో పట్టుకుని విరిచేశాడని చెప్పుకుంటారట. వాడు ఇంకో కత్తితో తల నరికి చూస్తే, ఇనప ముక్క ఇంకా పళ్ల మధ్యే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. వాడు జడిసి తలను పొదల్లో పడేసి పోయాడట. ఎన్నో తరాల తరవాత ఒక చక్రవర్తి, సరిగ్గా ఆ చోటే, గుడి కట్టించి ఆయన్ని దేవుడిగా నిలిపాడు. గుడి వెనక ఆ గుహ ఇప్పటికీ ఉంది. గుడి ముందు మట్టి మూకుళ్లు రాతి మీద విసిరి పగలగొడితే చెడు పోతుందని నమ్ముతారు. ఇంజినీర్ చిన్నప్పుడు బడికి ఆ గుడి ముందునుంచే నడిచేవాడు. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆయన వెన్ను నిటారుగా ఉంది. నేను నిర్మల్ పేరు చెప్పేటప్పుడు ఎలా ఉంటానో ఆయనా అలాగే ఉన్నాడు. ఆ మనిషి నాకు చాలా నచ్చాడు.

అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. దేవుడు సింహం కాదు. దేవుడు మనిషి. మా వైపూ ఊరి పొలిమేరలో కత్తి పట్టిన మనిషి రాయి ఉంటుంది, పోరులో చచ్చినవాడిది, దానికి కుంకుమ పెడతాం. ఇదీ అలాంటిదే. సింహం ఆ మనిషికి కాపలా మాత్రమే. నేను కాపలావాణ్ణి యోగంలో కూర్చోబెట్టాను.

"మీ సింహం ఎందుకు నిద్రపోతోంది?" అని ఆయన మళ్లీ అడిగాడు. ఇక దాచలేదు. మా ఇంట్లో కళ్లు దిద్దేది పెద్దవాడే, వేరేవాళ్లు దిద్దకూడదు, అందుకే మూసిన కళ్లు పెట్టి తప్పించుకున్నాను అని చెప్పాను.

"పెద్దవాడు ఎవరు?"

"మా బాపు."

"ఇండియాలో ఉన్నారా?"

"హా" అన్నాను.

"అయితే ఆయన వచ్చేదాకా ఆగాలి" అన్నాడు, హేళన ఏమీ లేకుండా.

రూమ్‌కి వచ్చి రాకుమారుడి కథంతా చెప్పాను. ఎక్కువ మందికి గుహ దగ్గర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాక మాత్రం తండ్రి దగ్గరే పట్టుకున్నాడు. "కొడుకు గెలిపిస్తె తండ్రి పట్టిచ్చిండా? గసోంటి తండ్రి ఉంటె ఎంత, లేకుంటె ఎంత" అని ఆ చక్రవర్తి మీద కోపం తెచ్చుకున్నాడు. మా బాపు అట్లాంటోడు కాదు అన్నాను. కళ్ల సంగతీ చెప్పాను, ఇంజినీర్ ఆగమన్నాడని కూడా. కాక గరిటె పక్కన పెట్టాడు.

"ఎవలొచ్చేదాక ఆగుతవురా? మీ బాపు లేడు బిడ్డా. నీకు చెప్పింది నేనే గద. ఇంటికి పెద్దకొడుకువు నువ్వు. నువ్వు దిద్దకుంటె మీ ఇంట్ల ఇగ ఎవలు దిద్దుతరు?"

నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

రెండో సింహానికి మెత్తని కట్టె వద్దనుకున్నాను. మా నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ నిజ్వా పక్క ఊరివాడు, ముసలాయన. అడిగితే తన తోటలో ఎండిన సిద్ర్ కొమ్మ తెచ్చిచ్చాడు. సిద్ర్ అంటే మన రేగు జాతి చెట్టు. కట్టె ఇనుములా ఉంటుంది. ఉలి జారి అరచేయి చీరుకుంది. ఒక ముక్క దవడ దగ్గర పగిలిపోతే, నోటికొచ్చినట్టు తిట్టుకుని ఇంకోటి మొదలుపెట్టాను. నోరు తెరిచి గర్జించే సింహం కాదు ఇది. పళ్లు బిగించిన సింహం. కత్తిని కరిచి పట్టుకున్నవాడికి కాపలా కాసే సింహానికి పళ్లు అలాగే ఉండాలి. జూలు వెంట్రుకలు చెక్కుతుండగా ఒక సాయంత్రం, నా వేళ్లు నన్ను అడగకుండానే తిరుగుతున్నాయని గమనించాను. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో వాటికే తెలుసు. అబ్బ, అప్పుడు నన్ను చూసి నేనే మురిసిపోయాను. ఎన్ని స్లాబులు పోసినా, ఎన్ని మేకులు కొట్టినా, ఆ పని నా చేతుల్లోంచి పోలేదు. ఇప్పుడు తలచుకున్నా ఛాతీ పొంగుతుంది.

ఎరుపు వేశాను, జూలుకు నలుపు, పళ్లకు ఫోర్‌మన్ కారుకు టచింగ్ చేయగా మిగిలిన బంగారు రంగు. ఆ రంగు అడిగితే ఫోర్‌మన్ ఈసారి మాట్లాడకుండా ఇచ్చాడు. అన్నీ అయ్యాయి. కళ్ల చోట రెండు తెల్లటి చుక్కలు ఖాళీగా మిగిలాయి. వారమంతా ట్రంకు మీద అది అలాగే గుడ్డిగా కూర్చుంది. దూలాలు ఎత్తే రోజు దగ్గర పడుతోంది.   

శనివారం పొద్దున డ్యూటీ బస్సుకు ముందు, అందరూ చాయ్ తాగుతుండగా, సింహాన్ని తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఎండ అప్పుడే లోపలికి వస్తోంది. కుంచె నలుపులో ముంచాను. నేనెవరికీ ఏమీ చెప్పలేదు, కానీ కాక చెయ్యి ఎత్తితే రూమంతా నిశ్శబ్దమైంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా లేదు.   ఒక కన్ను దిద్దాను, తరవాత రెండోది. అది నన్ను చూసింది.

సైట్‌లో బస్సు దిగగానే ఇంజినీర్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురు వైపు తిప్పాడు. పళ్లను చూశాడు, వేలితో తాకాడు. కళ్ల దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూసి, చుట్టూ వెతుకుతున్నట్టు చూశాడు.

"మీ నాన్న వచ్చారా?" అని అడిగాడు.

"లేడు సాబ్. మా బాపు చనిపోయాడు."

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. ఆయన ముఖం మారిపోయింది.

"మరి కళ్లు?"

"ఘర్ కా బడానే కియా" అన్నాను. ఇంటి పెద్దే దిద్దాడు.

"వో కౌన్ హై?" అన్నాడు, ఆ పెద్ద ఎవరని.

"మై." నేనే.

ఆయన తెల్ల హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. బస్సు దిగుతున్న వాళ్లంతా, ఫోర్‌మన్‌తో సహా, నిలబడి చూస్తుండగా, నడుము దాకా వంగి నాకు నమస్కరించాడు. ఆయన ఇంకా వంగి ఉండగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ రానిది అప్పుడు, ఆ వాదీలో, సైట్ మొత్తం ముందు వచ్చింది. ఏడుస్తూనే నిలబడ్డాను. తల మాత్రం దించలేదు. మా ఇంటి పెద్దకు పెట్టిన దండం అది, తల ఎత్తే అందుకున్నాను.